తెరమీది యుద్ధము

యుద్ధమును ఆటగా నాడుకొనుట మానవునకు క్రొత్తగాదు. మన దేశమున పుట్టిన చతురంగము ఒక చిన్న యుద్ధమే. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగు అంగములుగల సేన యగుటచేతనే దానికి ఆ పేరు వచ్చినది. అరువదినాలుగు గళ్ళ పలకమీద రెండు రాజ్యములు పోరాడును, భటులు పడిపోవుదురు, రాజు చిక్కుబడును, కాని ఒక్క రక్తబిందువైనను నేల రాలదు. పందొమ్మిదవ శతాబ్దమున ప్రష్యా దేశపు సైనికాధికారులు పటములమీద చిన్న దిమ్మెలను జరుపుచు వ్యూహములు నేర్చుకొనుటకు ఒక ఆటనే కల్పించుకొనిరి. మన పల్లెలలో పిల్లలు వెదురుకఱ్ఱను తుపాకిగా పట్టుకొని గోడచాటున పొంచియుండుటయు, దీపావళికి రేకుతుపాకి కొని రీళ్ళు పేల్చుటయు అందఱెఱిగినదే.

కాలము మారినకొలది ఆటయొక్క రూపము మారినది. యుద్ధక్రీడ పలకనుండి, వీథినుండి తెరమీదికి వచ్చినది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చిట్యాల పత్తిచేలు, వరిమళ్ళు, మిరపతోటలు గల సీమ. తక్కిన తెలుగు పల్లెలకువలెనే ఆ సీమకును సెల్‌ఫోను వచ్చి చేరినది. బడి వదలిన పిమ్మట వేపచెట్టు నీడనో, ఇంటి అరుగుమీదనో నలుగురు బాలురు నాలుగు ఫోనులమీద తలలు వంచి కూర్చుండుట నేడు పల్లెలలో సామాన్యముగ కనబడు దృశ్యము. “ఎడమదిక్కున ఉన్నడురా!”, “కాల్చురా, కాల్చు!”, “నేను చచ్చిపోయినరా!” అను కేకలు వినవచ్చును. చచ్చిపోతినని కేకవేసిన బాలుడు మఱుక్షణమున నవ్వుచు మరల ఆటలోనికి దిగును.

ఈ చచ్చుట యెట్టిది? ఆ యుద్ధము ఏపాటి యుద్ధము? దానిని ఆడువాడు ఏమి చూచును? ఏమి చూడకుండును? ఈ పాఠమున విచారింపబడు విషయ మిదియే.

వ్యాకరణమున “నేను” అనునది ఉత్తమపురుష. ఈ ఆటలు ఉత్తమపురుషలో నడచునవి. చతురంగమున ఆడువాడు పైనుండి రెండు సేనలను చూచును. ఈ ఆటలో నట్లు గాదు. ఆడువాని కన్నులే ఆటలోని భటుని కన్నులు. తెర క్రిందిభాగమున రెండు చేతులును, వాని యందొక తుపాకియు మాత్రము కనబడును. తన ముఖము తనకు కనబడదు. ముందున్నది మాత్రమే కనబడును. వెనుక నున్నది కనబడవలెనన్నచో వెనుకకు తిరుగవలెను. తుపాకిగుండు ఎడమవైపునుండి వచ్చినచో ఆ చప్పుడు ఎడమచెవిలో వినబడును. ఇట్లు చూపును, వినికిడిని బంధించి, “అచ్చట నున్నది నేనే” యను భ్రాంతిని ఆట కలిగించును.

ఈ భ్రాంతిని కలిగించునది గణితము. ఆటలోని కొండలు, ఇండ్లు, మనుష్యులు అన్నియు వేలకొలది చిన్న త్రిభుజములుగా యంత్రము జ్ఞప్తియందుంచుకొనును. ఆడువాడు వ్రేలు కదల్చినప్పుడెల్ల ఏ త్రిభుజము కంటికి కనబడవలెనో, ఏది గోడచాటున మరుగుపడవలెనో యంత్రము లెక్కగట్టి క్రొత్త చిత్రమును వ్రాయును. ఒక్క సెకనులో 30 మారులో, 60 మారులో ఈ పని జరుగును. చలనచిత్రమున బొమ్మలు ముందే తీయబడియుండును. ఇచ్చటనో, ప్రతి బొమ్మయు ఆడువాని ఇచ్ఛానుసారముగ అప్పటికప్పుడు పుట్టును. కావుననే సినిమాకంటె ఈ ఆట మనస్సును గట్టిగ పట్టుకొనుచున్నది.

ఇట్టి ఆటలలో పేరుగాంచిన తొలివానిలో నొకటి అమెరికాలో 1992లో వెలువడిన “వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ”. అందు ఆడువాడు నాజీల కోటలో చిక్కిన బందీయై తప్పించుకొనవలెను. 1999లో వచ్చిన “మెడల్ ఆఫ్ ఆనర్” రెండవ ప్రపంచయుద్ధమును కొంత చరిత్రశ్రద్ధతో చూపుటకు యత్నించెను. ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గు ఆ ఆట పుట్టుకకు కారకుడు. 2003 అక్టోబరులో “కాల్ ఆఫ్ డ్యూటీ” వెలువడెను. “కర్తవ్యము పిలుచుచున్నది” అని దాని పేరునకు భావము చెప్పుకొనవచ్చును. అందు ఆడువాడు క్రమముగ అమెరికా, బ్రిటిషు, రష్యా సైనికుల పాత్రలను ధరించును. ఆ పేరుతో తరువాత పెక్కు ఆటలు వెలువడినవి. 2019లో సెల్‌ఫోనుమీద ఆడదగినదియు వచ్చెను.

ఆ 2003 నాటి ఆటలోని యొక ఘట్టమును గమనింపుడు. అది స్టాలిన్‌గ్రాడు నగరము. అచ్చటి పోరు 1942 వేసవి చివర మొదలై 1943 ఫిబ్రవరి 2వ తేదీతో ముగిసెను. ఆటలో భటులు క్రిక్కిఱిసిన పడవ వోల్గా నదిని దాటుచుండును. ఆకాశమునుండి విమానములు గుండ్ల వర్షము కురియుచుండును. ప్రక్కపడవ మండి మునిగిపోవును. ఒడ్డున చేరిన భటులకు ఆయుధములు పంచిపెట్టుదురు. ఒకనికి తుపాకి, తరువాతివానికి కొన్ని తూటాలు మాత్రమే. ఆడువానికి దక్కునవి తూటాలే. చేత తుపాకి లేకయే అతడు గుండ్ల నడుమ పరుగెత్తవలెను. ఇంతవరకు చేతిలోని తుపాకిని నమ్ముకొని వచ్చిన ఆటగాని గుండె ఆ క్షణమున జల్లుమనును. యుద్ధమున సామాన్యభటుడు ఎంత నిస్సహాయుడో ఒక్క నిమిషములో తెలిసివచ్చును.

ఇది ఈ ఆటల మంచి గుణము. పాఠ్యగ్రంథమున “నదిని దాటి సేనలు ముందుకు సాగెను” అను ఒక్క వాక్యముగ నుండునది ఇచ్చట పొగ, మంట, కేక, పరుగు అగును. యుద్ధరంగమున భటునకు పటము కనబడదనియు, ఎదుటనున్న పదిగజముల నేలయే కనబడుననియు, శత్రు వెచ్చటనున్నాడో తెలియకపోవుటయే పెద్ద భయమనియు ఆడువానికి బోధపడును. ఆ ఆటలో భటుడు చనిపోయినప్పుడు తెరమీద యుద్ధమును గూర్చి పెద్దలు పలికిన యొక సూక్తి కనబడును. కొందఱు బాలురు ఆ సూక్తులనుండియే చరిత్రగ్రంథములవైపునకు మరలిరన్నను ఆశ్చర్యము లేదు.

కాని కన్ను తెఱచి చూచినచో ఆ ఘట్టముననే ఒక పాఠము గలదు. ఇద్దఱు భటులకు ఒక్క తుపాకి యను ఆ దృశ్యము 2001లో వచ్చిన ఒక చలనచిత్రమునందును ఉన్నది. స్టాలిన్‌గ్రాడు పోరులో అది సామాన్యస్థితి గాదని చరిత్రకారులు చెప్పుదురు. సినిమానుండి ఆటలోనికి, ఆటనుండి బాలుని మనస్సులోనికి ప్రవేశించి, ఒక కల్పన చరిత్రగా నిలిచిపోవుచున్నది. చూచినంతమాత్రమున నమ్మరాదు. తన కంటితో తానే చూచినట్లు తోచినప్పుడు మరింత జాగ్రత్తగ నుండవలెను.

ఇక ఆట దేనిని విడిచిపెట్టునో విచారింతము. మొదటిది గాయము. 2003 నాటి ఆటలో గాయపడిన భటుడు మందులపెట్టెను త్రొక్కినచో స్వస్థుడగును. 2005లో వచ్చిన రెండవ భాగములో ఆ పెట్టెయు నక్కఱ లేదు. గోడచాటున కొన్ని క్షణములు దాగియున్న చాలును, దెబ్బ దానంతటదే మానును. నిజమైన యుద్ధమున తొడకు తగిలిన గుండు మనుష్యుని జీవితాంతము కుంటివానిగ చేయవచ్చును. ఆస్పత్రి మంచముపై గడచిన నెలలను ఆట చూపదు. చూపినచో ఎవ్వరును ఆడరు.

రెండవది నిరీక్షణ. సైనికుని జీవితమున పోరాడు గంటలకంటె కాచుకొనియుండు గంటలే మిక్కిలి హెచ్చు. కందకములు త్రవ్వుట, మూటలు మోయుట, వానలో తడియుట, చలికి వణకుట, ఇంటినుండి జాబు రాలేదని బెంగపడుట - ఇవియే అతని దినచర్య. ఆట వీనినన్నిటిని తొలగించి, కాల్చు నిమిషములను మాత్రము మాలగ గ్రుచ్చి యిచ్చును. పంటయొక్క కష్టమంతయు తీసివేసి కళ్ళములోని ధాన్యపురాశిని మాత్రము చూపి, సేద్య మనగా ఇదియే యని చెప్పినట్లుండును. చిట్యాల సీమలో పత్తి యేరిన తల్లుల వ్రేళ్ళను చూచిన బిడ్డలకు ఈ భేదము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది సామాన్యప్రజ. పెక్కు యుద్ధక్రీడలలో ఊళ్ళు ఉండును గాని ఊరివారు ఉండరు. ఇండ్లు ఉండును గాని పొయ్యిమీద అన్నము ఉండదు, ఉయ్యాలలో శిశువు ఉండదు. అందఱును ముందే ఎచ్చటికో వెడలిపోయినట్లు నగరములు శూన్యముగ నుండును. నిజమైన యుద్ధములలో నట్లు జరుగదు. అందులకు తెలుగువారి చరిత్రయే సాక్ష్యము చెప్పును.

1941 డిసెంబరు 23వ తేదీని జపాను విమానములు రంగూను నగరముపై బాంబులు వేసెను. అప్పుడు ఆ నగరమున రేవుపనులు, మిల్లుపనులు చేసి బ్రతుకు తెలుగువారు పెక్కుమంది కలరు. వారిలో చాలమంది సర్కారు జిల్లాలనుండి పోయినవారు. 1942లో బర్మానుండి లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు తరలిరి. ఓడలలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటుచు కాలినడకన వచ్చిరి. దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలకొలది ప్రాణములను బలిగొనెను. వారు ఎవ్వరిని కాల్చలేదు. ఏ సేనలోను చేరలేదు. ఐనను వారు యుద్ధమున చిక్కినవారే.

అదే 1942 ఏప్రిలు 6వ తేదీని జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలమీదికి వచ్చెను. విశాఖ రేవు తెఱువబడి అప్పటికి పదేండ్లయినను కాలేదు. బాంబులు పడెను; కొందఱు మరణించిరి. పట్టణప్రజలు చేతికందినది మూటగట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. ఆనాడు పడిన బాంబు పెంకు ఒకటి విశాఖ మ్యూజియమునందు ఉంచబడినది. దానిని చూచిన బాలునకు, తెరమీద మీట నొక్కినంతనే ప్రేలు బాంబు నిజముగ ఎంత బరువుగల ఇనుపముద్దయో తెలియగలదు.

నాల్గవది మనవారి పాత్ర. రెండవ ప్రపంచయుద్ధమున భారతసేనలో సుమారు 25 లక్షలమంది పనిచేసిరి. ఉత్తరాఫ్రికా ఇసుకలలో, ఇటలీ కొండలలో, బర్మా అడవులలో వారు పోరాడిరి. 1944లో ఇంఫాలు, కొహిమాలకడ జపాను సేనను నిలువరించినవారిలో వారు ముఖ్యులు. సుమారు 87 వేలమంది ప్రాణములు గోల్పోయిరి. 2003 నాటి ఆటలో అమెరికా సైనికుడు గలడు, బ్రిటిషు సైనికుడు గలడు, రష్యా సైనికుడు గలడు; భారత సైనికుని పాత్ర లేదు. ఆటను చేసినవారు తాము ఎఱిగిన కథనే చెప్పిరి. అందుచేత ఆటనుండి మాత్రమే చరిత్ర నేర్చుకొను తెలుగు బాలుడు తన పూర్వులు ఆ యుద్ధమున లేరనుకొనును. ఈ లోటును పూరింపవలసినది గ్రంథమే.

ఐదవది అన్నిటికంటె పెద్దది, అది మరణము. 1944 జూను 6వ తేదీని మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సుదేశపు నార్మండీ తీరమున దిగెను. ఆ దినమున సుమారు 1,56,000 మంది భటులు తీరము చేరిరి. మిత్రసేనలలో సుమారు 4,400 మంది ఆనాడే మరణించిరి. ఆ తీరమును పెక్కు ఆటలు చిత్రించినవి. వానిలో ఆడువాడు పదిమారులు చచ్చి పదునొకండవమారు గెలుచును. ఆ పదిమారులును తీరమున పడినవాడు ఒక్కడే; అతడు మరల లేచును. నార్మండీలో పడిన 4,400 మందికి రెండవమారు లేదు.

పరదేశముల మాట యటుంచి చిట్యాల దాపుననున్న పరకాలకు వత్తము. 1947 ఆగస్టు 15వ తేదీని భారతదేశము స్వతంత్రమైనను హైదరాబాదు రాజ్యము నైజాము పాలనలోనే ఉండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీని పరకాలలో జాతీయపతాకమును ఎగురవేయుటకు చుట్టుపట్టుల పల్లెలనుండి జనులు చేరిరి. వారిమీద కాల్పులు జరిగెను. 22 మంది నేలకొఱిగిరి. వారి చేతులలో జెండాలు తప్ప తుపాకులు లేవు. వారి స్మృత్యర్థము 2003లో పరకాలలో “అమరధామము” వెలసినది. చతురంగపు రూపముగాని, తెరపైని రూపముగాని లేని నిజమైన తుపాకి ఎట్లు మ్రోగునో ఆ సీమలోని వృద్ధుల తరము చెవులార వినియున్నది.

ఇక ఇటీవలి ముచ్చట. 2020 జూను 15వ తేదీ రాత్రి లడాఖులోని గల్వాను లోయయందు భారత, చైనా సైనికుల నడుమ ఘర్షణ జరిగెను. అందు 20 మంది భారత సైనికులు అమరులైరి. వారికి నాయకుడు సూర్యాపేటవాసియైన కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. అతడు 16వ బీహారు పటాలమునకు అధిపతి. విజయనగరము దగ్గఱి కోరుకొండ సైనికపాఠశాలలో చదివినవాడు. ఆ లోయ సముద్రమట్టమునకు సుమారు 14,000 అడుగుల ఎత్తున నున్నది. వేసవియందును అచ్చటి నదీజలము గడ్డకట్టునంత చల్లగ నుండును. ఆ సరిహద్దున కాల్పులు జరుపరాదని 1996లో రెండు దేశములును ఒడంబడిక చేసికొనియుండెను. అందుచేత ఆ రాత్రి ఒక్క గుండైనను ప్రేలలేదు. రాళ్ళతో, కఱ్ఱలతో, పిడికిళ్ళతో చీకటిలో పోరు సాగెను.

తుపాకి గురిని మాత్రమే నేర్పు ఆటలకు ఈ సంఘటన అందదు. చేతిలో ఆయుధముండియు ప్రయోగింపకుండుట, ఒడంబడికకు కట్టుబడుట, తన భటులతో తానును ముందు నిలుచుట - ఇవి ఏ తెరమీదను అంకెలుగా చూపదగినవి గావు. సంతోష్ బాబు అంత్యక్రియలు జూను 18వ తేదీని సూర్యాపేటకడ జరిగెను. 2021లో అతనికి మహావీరచక్రము మరణానంతరము ప్రకటింపబడెను. అదే సంవత్సరము సూర్యాపేటలో అతని విగ్రహము ప్రతిష్ఠింపబడెను.

ఈ నిజమైన పోరునకును తెరమీది పోరునకును ఒక సంబంధము గూడ కలిగెను. ఆ దినములలో మన దేశమున బాలురను మిక్కిలిగ ఆకర్షించిన ఆట “పబ్జీ”. నూఱుమంది ఒక ద్వీపముమీద దిగి, ఒకరినొకరు కాల్చుకొని, కడపట మిగిలినవాడు గెలుచుట దాని పద్ధతి. ఆ ఆట దక్షిణ కొరియాది. సెల్‌ఫోను రూపమునకు మాత్రము చైనా సంస్థతో పొత్తు గలదు. గల్వాను ఘటన తరువాత, 2020 సెప్టెంబరు 2వ తేదీని, భారతప్రభుత్వము దేశభద్రత కారణముగ 118 యాపులను నిషేధించెను. వానిలో పబ్జీయు నొకటి. 2021 జూలైలో అది పేరు మార్చుకొని మరల వచ్చెను. 2022 జూలైలో మరల నిలుపబడెను. 2023 మేలో మరల అనుమతి పొందెను. ఆట పోయినదని ఏడ్చిన బాలు రెందఱో కలరు. ఆ ఆట ఏల పోయినదో, దాని వెనుక ఏ లోయలో ఎవరు మరణించిరో తెలిసికొన్నవారు ఎందఱో!

ఈ యాటలు బాలురను క్రూరులను చేయునా యని తల్లిదండ్రులు అడుగుదురు. దీనినిగూర్చి పండితులు చాలకాలముగ పరిశోధించుచున్నారు. హింసాత్మకములైన ఆటలు నిజమైన నేరములకు కారణమని చెప్పుటకు తగిన ఆధారము లేదని అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము 2020లో ప్రకటించెను. ఐతే కేకలు వేయుట, త్రోపులాడుట వంటి చిన్న దుడుకుతనములతో కొంత సంబంధము కనబడుచున్నదనియు ఆ సంఘమే చెప్పెను. మఱియొక వంక, ఇట్టి ఆటల నాడువారికి చూపుయొక్క ఏకాగ్రత కొంత వృద్ధిపొందునని 2003లో గ్రీన్, బవెలియర్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున ఆటను పూర్తిగ నిందించుటయు, పూర్తిగ మెచ్చుకొనుటయు రెండును తొందరపాటే.

నిజమైన హాని మఱొకచోట నున్నది, అది కాలము. ఆట ముగియునట్లు చేయబడలేదు. గెలిచినవాడు మరల గెలువవలెననియు, ఓడినవాడు ఒక్కమారైనను గెలువవలెననియు తలచును. నిద్ర, చదువు, భోజనము, స్నేహము అన్నియు వెనుకబడి, ఆట యొక్కటే ముందు నిలిచి, హాని తెలిసియు మానలేని స్థితి వచ్చినచో దానిని ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధులపట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2019లో ఆమోదింపబడి 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఆడు ప్రతివానికి ఈ వ్యాధి రాదు. కాని వచ్చినవాడు తనకు వచ్చినదని తా నెఱుగుట కష్టము. ఇంటివారు చెప్పినప్పుడు వినుట యుక్తము. ఐరోపాలో ఇట్టి ఆటలలో పెక్కింటిమీద 16 ఏండ్లు గాని, 18 ఏండ్లు గాని నిండినవారికే తగినవను గుర్తు వేయుదురు. ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఆ వయస్సు రాలేదు.

ఆటలను చేయువారిలోను ఆలోచనాపరులు లేకపోలేదు. పోలెండు దేశమువారు 2014లో “దిస్ వార్ ఆఫ్ మైన్” అను ఆటను చేసిరి. సరయేవో నగరము 1992 నుండి 1996 వఱకు ముట్టడిలో నుండెను. ఆ కష్టములే ఆ యాటకు ప్రేరణ. అందు ఆడువాడు భటుడు గాడు. పాడుబడిన ఇంట దాగిన సామాన్యులను బ్రతికించుట అతని పని. మందు ఒక్కటే యున్నది, రోగులు ఇద్దఱున్నారు, ఎవరికి ఇయ్యవలెను? పొరుగింటి వృద్ధుల ఆహారమును దొంగిలింపవచ్చునా? అట్లు దొంగిలించినచో ఆ పాత్రలు పశ్చాత్తాపముతో క్రుంగిపోవుదురు. 2020లో పోలెండు ప్రభుత్వము ఆ యాటను ఉన్నతపాఠశాల విద్యార్థులు ఐచ్ఛికముగ పరిశీలింపదగిన వానిలో చేర్చెను.

యుద్ధమునకును ధర్మము గలదను విషయము మన పురాణేతిహాసములు చదివినవారికి క్రొత్తగాదు. నిరాయుధుని కొట్టరాదు, శరణన్నవానిని చంపరాదు. ఈ ధర్మమునే 1949 ఆగస్టు 12 నాటి జెనీవా ఒడంబడికలు నేటి రాజ్యములకు శాసనముగ నిర్ణయించినవి. ఆటలలో ఈ ధర్మము కానరాదని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘము గుర్తించి, ఆటగాడు శరణుచొచ్చినవానిని కాల్చినచో అందులకు ఫలము అనుభవించునట్లు ఆటలను చేయుడని కోరెను. 2017లో “ఆర్మా 3” అను ఆటకు “యుద్ధధర్మములు” అను అనుబంధము ఆ సంఘముతో సంప్రదించి చేయబడెను. అందు యుద్ధము ముగిసిన పిదప మిగిలిన పాతరబాంబులను ఏరి తొలగించు మనుష్యుని పాత్రను ఆటగాడు ధరించును. కాల్చినవాడు వెడలిపోయిన తరువాత ఊరు ఎట్లుండునో ఆ యాట చూపును.

కాబట్టి తెరమీది యుద్ధమును చూచు విద్యార్థి కొన్ని ప్రశ్నలను తనకు తానే వేసికొనవలెను. ఇది ఏ యుద్ధము? ఎప్పుడు, ఎచ్చట, ఏ కారణమున జరిగెను? ఈ కథను ఎవరు చెప్పుచున్నారు? ఎవరి కథ చెప్పబడలేదు? ఎదుట పడినవాడు ఏ యింటి బిడ్డ? ఈ వీథిలోని ఇండ్లలో ఎవరుండిరి, వా రెచ్చటికి పోయిరి? ఆటలో ఈ ప్రశ్నలకు సమాధానము దొరకదు. గ్రంథాలయమున దొరకును. సేనలో పనిచేసి వచ్చిన పెద్ద ఊరిలో ఉన్నచో ఆయన నోట దొరకును. పరకాల అమరధామముకడ నిలిచి, ఆ గుంపులో నేలకొఱిగినవారు ఏ పల్లెలనుండి నడచివచ్చిరో విచారించినచో దొరకును.

చిట్యాలనుండి పరకాలకు పోవు బస్సెక్కిన బాలుడు చేతిలోని ఫోనును కొంతసేపు జేబులో నుంచి ఆ స్మారకమును చూచి రావచ్చును. అచ్చట ఆట మరల మొదలుపెట్టు మీట లేదు. అది చూచివచ్చిన పిమ్మట అతడు ఆటను మానినను మానవచ్చును, కొంతసేపు ఆడినను ఆడవచ్చును. కాని “నేను చచ్చిపోయినరా” అని నవ్వుటకు ముందు ఒక్క క్షణము ఆగును. ఆ యాగుటయే చదువువలన కలుగు ఫలము.

ప్రశ్నలు

1. ఈ ఆటలు ఉత్తమపురుషలో నడచునని చెప్పుటలోని భావమేమి? చతురంగమునకును వీనికిని గల భేదము నెఱిగింపుడు.
2. తెరమీది యుద్ధము విడిచిపెట్టు ఐదు విషయములను ఉదాహరణములతో వ్రాయుడు.
3. 1942లో యుద్ధము తెలుగువారిని ఎట్లు బాధించెనో సంగ్రహముగ వ్రాయుడు.
4. గల్వాను ఘటనయందు గుండు ప్రేలకపోవుటకు కారణమేమి? అందుండి మనము గ్రహింపవలసిన దేమి?
5. మీ ఊరిలోగాని, పొరుగూరిలోగాని సేనలో పనిచేసిన పెద్దలున్నచో వారినడిగి, సైనికుని దినచర్యను ఒక పుటకు మించకుండ వ్రాయుడు.